శీలావతి గంజాయి: వాసన, మత్తు, పెరిగే తీరు... పల్నాడు కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతులు

ఇషా నమాజ్ అయి గంట దాటాక కుర్రాడు ఇంటికొస్తాడు. ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా స్నానాల గదిలోకి వెళ్తాడు. బయటికొచ్చేసరికి ఒళ్లంతా అత్తరు. ఈ వయసులో అత్తరు మోజు మామూలే కదా అని అమ్మీ సరిపెట్టుకుంటుంది. మర్నాడు ఉతకడానికి చొక్కా చేతిలోకి తీసుకుంటే, అత్తరు కింద ఇంకేదో వాసన. బీడీది కాదు, సిగరెట్‌ది కాదు. తడిగడ్డికి నిప్పంటుకుంటే వచ్చే కమురు వాసన లాంటిది, అందులో కాస్త నిమ్మతొక్క పులుపు. అబ్బాకు చెబితే కొడతారేమో అని భయం. చెప్పకపోతే ఏమవుతుందో అని ఇంకో భయం.

నరసరావుపేట, మాచర్ల, పిడుగురాళ్ల ప్రాంతాల్లో గంజాయి పట్టివేత వార్తలు ఇప్పుడు కొత్త కాదు. ఆ వార్తల్లో కిలోలు, కేసులు, నిందితుల లెక్కలు ఉంటాయి. అసలు ఆ మొక్క ఏమిటి, ఆ వాసన దేనిది, అది కుర్రాడి బుర్రను ఏం చేస్తుంది అన్నది మాత్రం ఉండదు. ఆ సంగతి తెలియకపోవడం వల్లే చాలా ఇళ్లలో వాసన తగిలిన రోజుకీ, డాక్టర్ దగ్గరికి వెళ్లిన రోజుకీ మధ్య నెలలు గడిచిపోతాయి. కొన్ని ఇళ్లలో డాక్టర్ కన్నా ముందు పోలీసు వస్తాడు.

పేరు శీలావతి, కానీ ముద్రేసిన విత్తనం కాదు

ఆంధ్రప్రదేశ్ గంజాయి అనగానే దేశమంతా వినిపించే పేరు శీలావతి. ఒకప్పటి విశాఖ ఏజెన్సీలో, అంటే 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో, పక్కనే ఉన్న ఒడిశా మల్కన్‌గిరి, కోరాపుట్ జిల్లాల్లో పెరిగే రకానికి వ్యాపారులు వాడే పేరిది. కేరళలో, తమిళనాడులో, హైదరాబాద్‌లో పట్టుబడిన సరుకు గురించి రాసేటప్పుడు కూడా పత్రికలు ఈ పేరు వాడుతుంటాయి. శీలం గల స్త్రీ పేరును శీలం పోగొట్టే సరుకుకు పెట్టడం వ్యాపారుల తెలివి.

మిర్చిలో తేజ ఉంది, సన్నం ఉంది. ఆ విత్తనం ఎక్కడిదో, దాని గుణమేమిటో చెప్పే పరిశోధన కేంద్రాలున్నాయి, ప్యాకెట్ మీద ముద్ర ఉంటుంది. శీలావతికి అలాంటిదేమీ లేదు. పైగా గంజాయి గాలి ద్వారా పరాగసంపర్కం జరిగే మొక్క. పక్క కొండ మీది మగ మొక్క పుప్పొడి ఈ కొండ మీది ఆడ మొక్కకు చేరుతుంది. ఆ గింజ నుంచి వచ్చే తరం తల్లిలాగే ఉంటుందన్న హామీ లేదు. ఏళ్ల తరబడి ఇలా కలిసిపోయిన పంటలో ‘అసలు శీలావతి’ ఇదీ అని వేలు పెట్టి చూపడం కష్టం. ఊళ్లో చిన్న పొట్లం చేతిలో పెట్టి "ఇది ప్యూర్ శీలావతి" అనే మనిషి ధర కోసం ఆ మాట అంటాడు. లోపల ఏముందో, ఎంత ఘాటో, ఎంత బూజు పట్టిందో వాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు.

కొండల్లో ఎలా పెరుగుతుంది

గంజాయి శాస్త్రనామం కన్నాబిస్ సటైవా. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ ఆ పేరు పెట్టారు. ఒక్క వానాకాలం, ఒక్క చలికాలం చూసి చచ్చిపోయే ఏకవార్షిక మొక్క. బొప్పాయిలాగే ఇందులోనూ ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మత్తు కోసం పెంచేవాళ్లకు కావాల్సింది ఆడ మొక్క పూత. ఆ పూగుత్తుల మీద కంటికి పిండి చల్లినట్టు కనిపించే సన్నటి జిగురు గ్రంథులుంటాయి. మత్తు పదార్థం ఎక్కువగా తయారయ్యేది వాటిలోనే. పుప్పొడి తగలని ఆడ పూలలో అది ఇంకా పెరుగుతుంది. పుప్పొడి తగిలితే మొక్క శక్తి గింజల మీదికి పోతుంది.

ఈ మొక్కకు రాత్రి పొడవు తెలుస్తుంది. పగలు ఎక్కువగా ఉన్నన్నాళ్లూ ఆకు, కొమ్మ వేస్తూ ఎదుగుతుంది. రాత్రులు పెరిగే కాలం వచ్చాక పూతకు దిగుతుంది. అందుకే ఏజెన్సీలో తొలకరికి వేసింది చలికాలంలో కోతకొస్తుంది. దక్షిణాది కొండ రకాలు సన్నటి ఆకులతో మనిషి ఎత్తును మించి పెరుగుతాయి, పూతకు ఎక్కువ సమయం తీసుకుంటాయి. పాడేరు, చింతపల్లి వైపు చల్లటి గాలి, వాలు నేల, మంచి వాన, రోడ్డుకు దూరం... ఇవన్నీ ఆ పంటకు కలిసొచ్చాయి. అదే నేల, అదే చలి కాఫీకి, మిరియాలకు, రాజ్మాకు, పసుపుకు కూడా కలిసొచ్చాయి. గిరిజన రైతుకు పెట్టుబడి ఇచ్చి గంజాయి వేయించినవాళ్లలో ఎక్కువమంది బయటి వ్యాపారులే. లాభం వాళ్లది, జైలు రైతుది.

2021 చివర్లో రాష్ట్ర పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో ఏజెన్సీలో సుమారు 7,500 ఎకరాల గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో, అంతకుముందు పట్టుకున్న దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని ఒకేచోట తగలబెట్టారు. ఆ తర్వాత సాగు చాలావరకు సరిహద్దు దాటి ఒడిశా వైపు జరిగింది. తోట దూరం జరిగినా రవాణా ఆగలేదు. కొండ దిగిన సరుకుకు జాతీయ రహదారి ఉంది, రైళ్లున్నాయి. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ మీదుగా రాయలసీమకు వెళ్లే దారి, అద్దంకి నుంచి పిడుగురాళ్ల, దాచేపల్లి మీదుగా హైదరాబాద్ వైపు వెళ్లే దారి రెండూ పల్నాడు మీదుగానే పోతాయి. సరుకు నడిచే దారి పక్కన ఊళ్లుంటే అందులో కొంత ఊళ్లలోకి జారుతుంది.

గోగు మొక్కను చూసి కంగారు పడొద్దు

గంజాయి ఆకు చెయ్యి చాచినట్టు ఉంటుంది. ఒకే కాడ చివర 5, 7, 9 సన్నటి చిట్టి ఆకులు, అంచులన్నీ రంపపు పళ్లు. పెరట్లో పెరిగే గోగు ఆకు కూడా దూరం నుంచి అచ్చం ఇలాగే కనిపిస్తుంది. గోగు శాస్త్రనామమే హైబిస్కస్ కన్నాబినస్, అంటే గంజాయిని పోలిన మందార జాతి అని. తేడా పట్టడం తేలిక. గోగులో వేళ్లన్నీ మొదట్లో కలిసి ఒకే ఆకుగా ఉంటాయి. గంజాయిలో ఏ చిట్టి ఆకుకు ఆ ఆకు విడిగా ఉంటుంది. గోగుకు మధ్యలో ముదురు ఎరుపుతో పెద్ద పువ్వు పూస్తుంది. గంజాయి పూతకు రేకులే ఉండవు. గోగు ఆకు పుల్లగా ఉంటుంది. గంజాయి మొక్కను వేళ్లతో నలిపితే వేళ్లకు జిగురు అంటుకుని వాసన వదలదు.

వాసన ఎక్కడిది, దాన్ని బట్టి ఏం తెలుస్తుంది

గంజాయికి వాసన ఇచ్చేవి టెర్పీన్లు అనే నూనె పదార్థాలు. ఇవి గంజాయి సొత్తేమీ కాదు, మన వంటింట్లోనూ ఉన్నాయి. మామిడికాయలోనూ నిమ్మగడ్డిలోనూ ఉండే మిర్సీన్, నిమ్మతొక్కలోని లిమోనీన్, మిరియాల ఘాటులోని కారియోఫిల్లీన్, దేవదారు జాతి చెట్ల వాసనలోని పైనీన్. ఏ మొక్కలో ఏది ఎంత పాళ్లలో ఉందన్న దాన్ని బట్టి వాసన మారుతుంది. వీటికి తోడు కుళ్లు వాసన లాంటి ఘాటు ఒకటి ఉంటుంది. దానికి కారణం అతి కొద్ది మోతాదులో ఉండే గంధకపు సమ్మేళనాలని 2021లో అమెరికా శాస్త్రవేత్తలు తేల్చారు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. వాసన గట్టిగా ఉంటే మత్తు కూడా గట్టిదని కుర్రాళ్ల నమ్మకం. శీలావతి పేరు అమ్ముడుపోయేది కూడా ఆ నమ్మకం మీదే. నిజానికి మత్తు ఇచ్చే టీహెచ్‌సీ అనే పదార్థానికి వాసన లేదు. మిర్చి యార్డుకు వెళ్లే రైతుకు ఇది ఇట్టే అర్థమవుతుంది. కాయలో కారం కాప్సైసిన్‌ది, దానికీ వాసన ఉండదు. రంగు, వాసన బాగున్న బ్యాడిగి కాయ కారం తక్కువ, తేజ కాయ కొరికితే కళ్లు తిరుగుతాయి. ముక్కుతో కారం కొలవలేనట్టే ముక్కుతో మత్తు కొలవలేం.

ఇంటివాళ్లకు పనికొచ్చేది కాల్చిన తర్వాతి వాసన. అది జుట్టుకు, చొక్కా కాలరుకు, వేళ్ల చివరలకు, బండి సీటు కింద డిక్కీలో దాచిన గుడ్డకు పట్టి ఉంటుంది. సిగరెట్ వాసన కన్నా తియ్యగా, బరువుగా, తడిగడ్డి కాలినట్టు ఉంటుంది. దాన్ని చంపడానికి అత్తరు, బాడీ స్ప్రే, గదిలో అగరొత్తి, నోట్లో మౌత్ ఫ్రెషనర్ వస్తాయి. ఇంతకుముందు ఏ అలవాటూ లేని పిల్లవాడు రోజూ ఒకే వేళకు ఇవన్నీ వాడుతుంటే గమనించాల్సిందే. అలాగని అత్తరు పూసుకున్న ప్రతి కుర్రాడినీ అనుమానించడం కూడా తప్పే. ఒక్క వాసన చాలదు. దాని పక్కన కంటి ఎరుపు, చదువులో జారుడు, కొత్త స్నేహాలు, మాయమయ్యే డబ్బులు, సిగరెట్ చుట్టుకునే సన్నటి కాగితాలు కూడా కనిపించాలి.

వాసన లేకపోయినా నిశ్చింతగా ఉండలేం. ‘లిక్విడ్ గంజాయి’ అని పిలిచే హాష్ ఆయిల్, గంజాయి కలిపిన చాక్లెట్లు పొట్లంలా గదంతా వాసన కొట్టవు. మత్తు మాత్రం ఎక్కువ చిక్కగా ఉంటుంది.

ఒంట్లో ఏం జరుగుతుంది

1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రఫాయెల్ మెషౌలం, యెహియెల్ గావోని గంజాయిలోని టీహెచ్‌సీని విడదీశారు. మన మెదడులో ఈ పదార్థం అతుక్కునే తాళాలు లాంటివి ముందే ఉన్నాయని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఆ తాళాలకు మన ఒళ్లే తయారుచేసుకునే తాళంచెవి ఒకటుంది. 1992లో దాన్ని కనిపెట్టినప్పుడు సంస్కృతంలోని ‘ఆనంద’ మాటతో ‘ఆనందమైడ్’ అని పేరు పెట్టారు. జ్ఞాపకం, ఆకలి, భయం, నిద్ర, ఒంటి తూకం... వీటిని మెదడు సరిచూసుకునేది ఈ ఏర్పాటుతోనే. గంజాయి పొగ లోపలికి వెళ్లగానే దొంగ తాళంచెవి అన్ని తాళాల్లోనూ ఒకేసారి తిరుగుతుంది.

పొగ పీల్చితే కొన్ని నిమిషాల్లోనే ఎక్కుతుంది, 2 నుంచి 4 గంటలు ఉంటుంది. తింటే ఎక్కడానికి అరగంట నుంచి 2 గంటలు పడుతుంది, దిగడానికి అంతకన్నా చాలాసేపు. చాక్లెట్ తిన్న కుర్రాడు "ఏమీ కాలేదే" అని రెండోది, మూడోది తిని ఆస్పత్రి పాలయ్యేది అందుకే. కళ్లు ఎర్రబడతాయి, నోరు ఎండుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఆకలి పెరుగుతుంది, ఊరికే నవ్వు వస్తుంది. 10 నిమిషాలు గంటలా అనిపిస్తుంది. ఇప్పుడే విన్న మాట నిలవదు. కొందరికి నవ్వుకు బదులు భయం ముంచుకొస్తుంది. ఎవరో వెంటపడుతున్నారని, ఇంట్లోవాళ్లే కుట్ర చేస్తున్నారని అనిపిస్తుంది. ఆ స్థితిలో బండి తోలడం, నాపరాయి కోసే మిషను ముందు నిలబడటం, సున్నపు బట్టీ దగ్గర పనిచేయడం ప్రాణాపాయం. చెయ్యి ఆలస్యంగా కదులుతుంది, దూరం అంచనా తప్పుతుంది.

రోజూ వాడేవాళ్లలో ఇంకో రకం నష్టం. మొదట్లో సరిపోయిన మోతాదు తర్వాత సరిపోదు. మానేస్తే చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం, కోపం. ఇవి మొదటి వారంలో ఎక్కువగా ఉండి, సాధారణంగా 2 వారాల్లో తగ్గుతాయి. చాలా ఇళ్లలో కుర్రాడు మానేయాలని చూసిన ఆ వారంలోనే గొడవలు ఎక్కువవుతాయి, ఇంటివాళ్లు "వీడు ఇంకా ముదిరాడు" అనుకుంటారు. ఏళ్ల తరబడి వాడిన కొందరికి ఆగని వాంతులు పట్టుకుంటాయి, వేడినీళ్ల స్నానం చేసినంతసేపే ఉపశమనం ఉంటుంది. గ్యాస్ అనుకుని మందులు మింగుతూ తిరుగుతారు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం చిన్న వయసులో మొదలుపెట్టడం. మెదడు ఎదుగుదల ఇరవైల మధ్యదాకా సాగుతుంది. ఆలోచించి నిర్ణయం తీసుకునే భాగం అందరికన్నా చివర్లో గట్టిపడుతుంది. స్వీడన్‌లో సైన్యంలో చేరడానికి వచ్చిన 45 వేలమందికి పైగా యువకుల వివరాలను 15 ఏళ్లపాటు గమనించి 1987లో ప్రచురించిన పరిశోధనలో, గంజాయి 50 సార్లకు మించి వాడినట్టు చెప్పినవాళ్లలో స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు 6 రెట్లు ఎక్కువగా కనిపించింది. వాడిన ప్రతి ఒక్కరికీ ఆ జబ్బు వస్తుందని కాదు. ఎవరికి వస్తుందో ముందే తెలిసే మార్గం లేదు, అదీ భయం. ఇంట్లో రక్తసంబంధీకుల్లో మానసిక జబ్బు ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ.

"ఆకే కదా" అనే మాటలు

"నేల మీద మొలిచిందే కదా, మందు కాదు కదా" అని కుర్రాళ్లు వాదిస్తారు. ఉమ్మెత్త కూడా నేల మీద మొలిచిందే. పొగాకు సంగతి చెప్పనక్కర్లేదు. గంజాయిని చాలామంది సిగరెట్‌లో పొగాకుతో కలిపే పీలుస్తారు కాబట్టి ఒకేసారి రెండు అలవాట్లు అంటుకుంటాయి.

"విదేశాల్లో మందుగా వాడుతున్నారు" అన్నది సగం నిజం. గంజాయిలోనే ఉండే మత్తులేని సీబీడీ నుంచి తయారైన ఒక మందును, పిల్లల్లో వచ్చే 2 అరుదైన రకాల మూర్ఛలకు 2018లో అమెరికా అనుమతించింది. అది శుద్ధిచేసి, మిల్లీగ్రాముల్లో కొలిచి, డాక్టర్ రాసిచ్చే మందు. చుట్టుకుని కాల్చే పొట్లానికీ దానికీ పోలిక లేదు.

"సారా హరామ్ గానీ దీని పేరు ఎక్కడా లేదు" అన్నది ముస్లిం ఇళ్లలో వినిపించే వాదన. ఇది ఇవాళ్టిది కాదు. హషీష్ అరబ్బు నగరాల్లో వ్యాపించిన కాలంలోనే ఈ ప్రశ్న వచ్చింది. 14వ శతాబ్దంలో కైరో పండితుడు జర్కషీ హషీష్ నిషేధం గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. బుద్ధిని కప్పేది ద్రవమైనా, పొగ అయినా ఒకటే అన్నది ఉలమా మాట.

"ఎవరూ వాడనిదా?" అని ఇంకో మాట. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. దాని ప్రకారం గంజాయి, చరస్ వాడేవాళ్లు దేశంలో 1.2 శాతం. అంటే నూటికి 98 మందికి పైగా వాడరు. కానీ గంజాయి మొక్క నుంచి వచ్చే మత్తుల వల్ల సాయం అవసరమయ్యే స్థితికి చేరినవాళ్లు సుమారు 72 లక్షలు. ఆ లెక్కలో ఒక్కొక్కరి వెనక ఒక ఇల్లుంది.

చట్టం ఎంత కఠినం, ఎక్కడ తలుపు తెరిచి ఉంది

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి అంటే ఆడ పూత, కాయ ఉన్న చివరలు. పూత లేకుండా ఆకు, గింజ మాత్రమే ఉంటే ఆ నిర్వచనంలోకి రావు. ఇక సాగు విషయానికొస్తే ఒక్క మొక్కయినా నేరమే. శిక్ష 10 ఏళ్ల వరకు, జరిమానా లక్ష వరకు. తన పొలంలో అలాంటి సాగు జరుగుతున్నట్టు తెలిస్తే అధికారులకు చెప్పడం భూమి ఉన్నవాడి బాధ్యత. మైదానాల్లో కంది, పత్తి మధ్య గంజాయి దాచి పెంచిన కేసులు బయటపడ్డాయి కాబట్టి, పొలం కౌలుకిచ్చి పట్టణంలో ఉండేవాళ్లు ఒక కన్నేసి ఉంచాలి.

దగ్గర ఉంచుకుంటే పడే శిక్ష బరువును బట్టి మారుతుంది. 1 కిలో వరకు ‘చిన్న మోతాదు’. దానికి ఏడాది వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే ‘వాణిజ్య మోతాదు’. అప్పుడు కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు, లక్ష నుంచి 2 లక్షల జరిమానా, బెయిల్ దొరకడం చాలా కష్టం. మధ్యలో ఉన్నదానికి 10 ఏళ్ల వరకు. హాష్ ఆయిల్ అయితే 1 కిలో దాటితేనే వాణిజ్య మోతాదు.

పనిలేని కుర్రాళ్లు ఇరుక్కునేది రవాణా దగ్గర. "ఈ బ్యాగు ఆ బస్టాండులో ఇచ్చెయ్, ఖర్చులు పోను ఇంత ఇస్తాం" అని ఎవరో అంటారు. పట్టుబడ్డాక "లోపల ఏముందో తెలియదు" అంటే సరిపోదు. ఈ చట్టం కింద తెలిసే చేశాడని కోర్టు అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది నిందితుడే. 18 ఏళ్ల లోపు పిల్లలతో ఇలాంటి సరుకు మోయించినా, అమ్మించినా, ఆ పని చేయించినవాడికి బాలల న్యాయ చట్టం కింద 7 ఏళ్ల వరకు కఠిన జైలు ఉంది.

చాలా ఇళ్లకు తెలియని సంగతి ఒకటుంది. అలవాటుపడినవాడు తనంతట తాను ప్రభుత్వ ఆస్పత్రిలోగానీ, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోగానీ చికిత్సకు చేరి పూర్తిచేస్తే, వాడకం కేసులోనూ చిన్న మోతాదు కేసులోనూ విచారణ నుంచి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ తీసేయొచ్చు. అమ్మకం, పెద్ద మోతాదు రవాణాలకు ఇది వర్తించదు. చట్టం కూడా తాగేవాడికీ అమ్మేవాడికీ మధ్య గీత గీసిందన్నమాట. ఆ గీతకు ఇవతల ఉండగానే కుర్రాడిని పట్టుకోవడం ఇంటివాళ్ల చేతిలో ఉంది. ఈరోజు తాగడానికి డబ్బు చాలనివాడు రేపు నలుగురికి పొట్లాలు పంచి తన వాటా సంపాదించుకోవడం మొదలుపెడితే గీత దాటినట్టే.

వాసన తగిలాక ఇంట్లో ఏం చేయాలి

‘తులసి వనంలో గంజాయి మొక్క’ అన్న సామెత తెలుగు నేలంతా ఉంది. మంచి కుటుంబంలో చెడ్డవాడు పుట్టాడని దాని భావం. ఆ మాట పడాల్సి వస్తుందన్న భయంతోనే చాలా కుటుంబాలు నోరు విప్పవు. చెల్లెలి రిష్తా చెడుతుందని, మొహల్లాలో తల ఎత్తుకోలేమని దాస్తారు. దాచిన కొద్దీ అలవాటు ముదురుతుంది, రిష్తాలు ఎలాగూ చెడతాయి.

మత్తులో ఉన్నప్పుడు మాట్లాడితే ఉపయోగం లేదు, కొడితే అసలే లేదు. దిగాక, పొద్దున్నే, ఇంట్లో వాడు మాట వినే ఒక్క మనిషి కూర్చోబెట్టి అడగాలి. అది అబ్బా కానక్కర్లేదు. అన్న కావచ్చు, మామూ కావచ్చు, ఆపా కావచ్చు. "తాగుతున్నావా?" అన్న ప్రశ్నకు అబద్ధమే వస్తుంది. "ఎప్పటి నుంచి? రోజూనా? డబ్బులెక్కడివి? అప్పులున్నాయా?" అన్న ప్రశ్నలకు నిజం కొద్దికొద్దిగా వస్తుంది. ఆఖరి రెండు ప్రశ్నలు ముఖ్యం. వాడు తాగేవాడుగానే ఉన్నాడా, పంచేవాడయ్యాడా అన్నది అక్కడే తెలుస్తుంది.

ఊరు మార్చి హైదరాబాద్‌లో చుట్టాలింట్లో పెడితే మానేస్తాడనుకోవడం పొరపాటు, అక్కడ దొరకడం ఇంకా తేలిక. నికాహ్ చేస్తే బాధ్యత తెలుస్తుందని అనుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు. ఒక జబ్బును ఇంకో ఇంటి ఆడపిల్ల నెత్తిన పెట్టడమే అది. గొలుసులతో కట్టి, కొట్టి మాన్పిస్తామనే చోట్లకు పంపకూడదు. మత్తు అలవాటుతో వచ్చే మానసిక సమస్యలు 2017 మానసిక ఆరోగ్య చట్టం కిందికి వస్తాయి. ఆ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, పల్నాడు నుంచి ఉదయం బస్సెక్కితే ఓపీ వేళకు చేరొచ్చు. గంజాయిని మాన్పించే ప్రత్యేకమైన మాత్ర అంటూ ఇంకా ఏదీ రాలేదు. నిద్రకు, ఆందోళనకు కొద్దికాలం మందులిస్తారు. అసలు చికిత్స కౌన్సెలింగ్, రోజువారీ అలవాట్లు మార్చడం, ఇంటివాళ్ల తోడు. ఒకసారి జారితే అంతా పోయినట్టు కాదు, మళ్లీ మొదలుపెట్టాలి.

కుర్రాడికి ఎవరూ లేని మాటలు వినిపిస్తున్నా, ఇంటివాళ్లు విషం పెడుతున్నారని అన్నం మానేసినా, చచ్చిపోతానని అన్నా ఆగకూడదు. దర్గాకో, తావీజుకో తీసుకెళ్లాలనుకునేవాళ్లు కూడా ముందు డాక్టర్‌కు చూపించాలి. అది మత్తు వల్ల వచ్చిన మానసిక జబ్బు కావచ్చు. ఎంత త్వరగా చికిత్స మొదలైతే అంత బాగా కోలుకుంటారు.

బయటికి వెళ్లడానికి వెనకాడేవాళ్లు ముందు ఫోన్ చేయొచ్చు. మత్తు అలవాటు మానడానికి జాతీయ హెల్ప్‌లైన్ 14446. మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ 14416. అమ్మకాలు, రవాణా గురించి చెప్పడానికి రాష్ట్రంలో 2024 నవంబరులో ఏర్పడిన ఈగల్ విభాగం నంబరు 1972, కేంద్రానిది 1933. ముందటి రెండూ పిల్లవాడి కోసం, తర్వాతి రెండూ వాడికి అమ్మేవాడి కోసం.

శీలావతి కొండల్లో పెరగడానికి ఒక వానాకాలం, ఒక చలికాలం పడుతుంది. ఒక కుర్రాడిలో అలవాటుగా పెరగడానికి అంత సమయం కూడా అక్కర్లేదు. చొక్కా మీద తగిలిన వాసనను అమ్మీ ఆరోజే నోరు తెరిచి అడిగితే, చాలాసార్లు అది ఇంట్లోనే, డాక్టర్ దగ్గరే ముగుస్తుంది.